ధూపం మానిన ఇల్లు

మస్కట్‌కి దిగువన సముద్రపు ఒడ్డునున్న సూర్ పట్టణంలో పడవలు కట్టే రేవుకు వెనకనున్న సందులో రయ్యా ఇల్లు ఏదని ఎవరూ అడిగేవారు కాదు. ముక్కే దారి చూపించేది. ఊద్ అనే అగరు చెక్కపొట్టు, గులాబీ నీరు, కుంకుమపువ్వు, చక్కెర పాకం కలిపి ముద్దలు చేసి ఆరబెట్టే బుఖూర్ ధూపం తయారీ ఆమె వృత్తి. అత్తగారి దగ్గర నేర్చుకుంది. ఆ చేతి ధూపం లేకుండా ఆ వాడలో పెళ్లికూతురు గడప దాటేది కాదు. భర్త సముద్రం మీద ఎక్కువ, ఇంట్లో తక్కువ ఉన్న మనిషి. పోయి చాలా కాలమైంది. కూతురిది నిజ్వాలో కాపురం. రోజూ పొద్దుగుంకే వేళ రయ్యా ధూపపాత్ర పట్టుకుని మూలమూలకీ తిప్పి, ఆనక ఒక్కతే కూర్చుని కాఫీ తాగేది. పగలంతా పనిలో ఎలా గడిచినా, ఆ కాఫీ వేళ మాత్రం గడిచేది కాదు.

అందుకే పంతులమ్మ నసీరా మస్కట్ బదిలీ అయి, అక్కడి ఇరుకు ఇంట్లో తన పెంపుడు చిలుకని పెట్టుకోవడం కుదరదని తెలిసినప్పుడు, రయ్యా తానే వెళ్లి అడిగింది. బూడిదరంగు ఒళ్లు, నిప్పులాంటి ఎర్ర తోక. పేరు కసుకు. జంజిబార్ నుంచి వచ్చిన నసీరా తాతగారు చిలుకని తమ భాషలో అలాగే పిలిచేవారట.

“ముందు బాగా ఆలోచించుకో అత్తా,” అంది నసీరా. “తెల్లారగానే కేకలు పెడుతుంది. అలాంటిలాంటి కేకలు కావు. చెక్క కనబడితే కొరుకుతుంది, నీ తలుపుల్ని నువ్వే కాపాడుకోవాలి. ఒంటరిగా వదిలేస్తే బెంగతో తన ఈకలు తనే పీక్కుంటుంది. పైగా మనిషంత కాలం బతుకుతుంది. నీ తర్వాత ఎవరు చూస్తారు?”

“నా తర్వాత సంగతి నా కూతురు చూసుకుంటుంది, అడుగుతాలే. కేకలంటావా, పెట్టనీ. ఇంట్లో మనిషి ఉన్నట్టుంటుంది.”

“ఇంకోటి. పొగ తగలకూడదు. దాని ఊపిరి మహా సున్నితం.”

“మా ఇంట్లో పొగెక్కడిదే? పొయ్యి గ్యాసుది. హుక్కా తాగేవాడు లేడు, సిగరెట్టు ముట్టేవాడు లేడు.”

నసీరా సరేనంది. ఆమె ఇంట్లో పంజరం ఎప్పుడూ డాబా మీద గాలికే ఉండేది. పైగా ఇద్దరూ సూర్‌లో పుట్టి పెరిగినవాళ్లు. ధూపాన్ని పొగ అనుకునే బుద్ధి ఆ ఊళ్లో ఎవరికి పుడుతుంది?

కసుకు వచ్చిన రోజు సందులోని ఆడవాళ్లంతా చూడ్డానికి వచ్చారు. అందరికంటే ముందు పక్కింటి మోజా.

“ఈ వయసులో పెళ్లికొడుకుని తెచ్చుకున్నావేంటే!”

“పెళ్లికొడుకైతే నీకెందుకు చూపిస్తాను, దాచుకోనూ?”

“ఆ తోక చూడు! ఆ కళ్లు చూడు! ఎంత అందంగా ఉన్నాడమ్మా!” అంటూ మోజా బుగ్గలు నొక్కుకుంది. దేవుడి పేరు తలవకుండా పొగిడింది. రయ్యాకి గుండె గతుక్కుమంది. దిష్టి తగిలితే?

అందరూ వెళ్లాక, పొద్దు వాలుతుండగా, ఆమె తన దగ్గరున్న వాటిలోకెల్లా మంచి సాంబ్రాణి తీసింది. పురిటిబిడ్డకి వేసినట్టే వేసింది. బట్టలకు ధూపం పట్టించేటప్పుడు చేసినట్టు, పంజరం మీద దుప్పటి కప్పి, కింద ధూపపాత్ర పెట్టింది. పరిమళం వృథాగా పోకుండా అంచులు కూడా సర్దింది. ప్రార్థన పెదవుల మీద ఉండగానే లోపల ఏదో దబ్బున పడిన చప్పుడైంది.

దుప్పటి లాగి చూస్తే కసుకు అడుగున పడి ఉంది. ముక్కు తెరిచి, తోక అదురుతుండగా, ఊపిరికి కొట్టుకుంటోంది.

రయ్యా వేసిన కేకకి మోజా చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చింది. మోజా మొగుడు జుమా అప్పుడే చేపల బండి కడుగుతున్నాడు. ఆ తడి బండిలోనే పంజరం ఎక్కించారు. పశువుల డాక్టరు హిలాల్ తాళం వేసి ఇంటికి బయల్దేరబోతున్నవాడు, మళ్లీ తలుపు తీశాడు.

“పొగ పట్టిందా దీనికి?”

“పొగ కాదు నాయనా, ధూపం.”

“మనకే అమ్మా ఆ తేడా. దాని ఊపిరితిత్తులకి రెండూ ఒకటే.” పక్షిని ప్రాణవాయువు పెట్టెలో ఉంచాడు. “ఇవాళ్టికి ఇక్కడే ఉండనీండి. రేపు మేత ముట్టిందంటే గండం గడిచినట్టే.”

తిరిగొస్తుంటే బండిలో మోజా ఉండబట్టలేకపోయింది. “చుట్టానికి ధూపం చూపించామంటే ఇక లెమ్మనేగా అర్థం. మర్యాద తెలిసిన పక్షి పాపం, లేచి బయల్దేరింది.”

రయ్యాకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. మోజా ఆమె చెయ్యి పట్టుకుని, “నా నోరు మండ,” అనుకుంది.

ఇంట్లో అడుగు పెడితే, మొదటిసారి, ఆ వాసన రయ్యాకు వాసనగా తగిలింది. పరదాల్లో ఉంది, చాపల్లో ఉంది, తన జుట్టులో ఉంది. పక్షి బతికినా ఈ ఇంటికి ఎలా తెస్తుంది? నసీరాకి తిరిగి ఇచ్చెయ్యాలి. లేదా ధూపం మానాలి. ధూపం మానితే రయ్యాలో ఇంకేం మిగులుతుంది? ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు.

పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లేసరికి కసుకు కొయ్య మీద కూర్చుని ఉంది. ఒక కాలితో ఖర్జూరం ముక్క పట్టుకుని, పెద్దమనిషిలా తీరిగ్గా కొరుకుతోంది. రయ్యా అక్కడే మెట్టు మీద కూలబడి, “అల్‌హమ్దులిల్లా,” అని దేవుణ్ని తలుచుకుంది.

“కొన్నాళ్లు నా దగ్గర ఉంచుతాను,” అన్నాడు హిలాల్. “ఈలోగా ఇల్లు మార్చుకుంటారో, మనసు మార్చుకుంటారో మీ ఇష్టం.”

ఆమె ఇంటిని మార్చింది. రేవు దగ్గర జుమా వలలు పెట్టుకునే కొట్టు అడిగి తీసుకుంది. చెక్కపొట్టు, పాత్రలు, ఆరబెట్టే పళ్లాలు అన్నీ అక్కడికి చేరాయి. “చేపల కంపు పోయి నా వలలకి పెళ్లి కళ వస్తుంది,” అని జుమా మురిసిపోయాడు. పరదాలు ఉతికింది, చాపలు మార్చింది, గోడలకు సున్నం వేయించింది. పని ముగించి అక్కడే స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇంటికి రావడం అలవాటు చేసుకుంది. నిజ్వాకి ఫోన్ చేసి కూతుర్ని నిలదీసింది: “నా తర్వాత వీడిని చూస్తావా చూడవా, ముందు అది చెప్పు.” “చూస్తానులే అమ్మా, నీ పెద్దకొడుకుని,” అని అటునుంచి నవ్వు వినిపించింది. ఆ తర్వాతే పక్షిని ఇంటికి తెచ్చుకుంది.

మొదటి వారం గడప దాటిన చుట్టాలంతా ముక్కు ఎగబీల్చి కంగారుపడ్డారు. రయ్యా ఇంట్లో వాసన లేదు! చావు జరిగిన ఇంట్లోనే కదా ధూపం మానేది. తెగువ చేసి ఒకావిడ మెల్లగా అడిగేసింది:

“ఎవరు పోయారమ్మా?”

“పోవాల్సినవాడు ఆగాడు,” అని రయ్యా వాళ్ల చేతుల్లో గులాబీ నీరు చిలకరించింది.

కసుకు అప్పటికే గుమ్మం అంచు కొరికేసింది. తెల్లవారుజామున ప్రార్థన పిలుపు కంటే ముందే కేక వేస్తోంది. రయ్యా తిడుతూ లేచి నీళ్లు మారుస్తుంది. పంజరం దగ్గర చెవి పెట్టి ఊపిరి వింటుంది. గరగర లేదు. అప్పుడు పొయ్యి మీద కాఫీ పెడుతుంది.