కడ్డీని కడియాలు చేయించాం

ఎనభైల మొదట్లో సంగతి. మా ఆయన గుండెలో కవాటం పాడైందని హైదరాబాదు డాక్టరు చెప్పాడు. బొంబాయి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయిస్తే బతుకుతాడు, ఆలస్యం మాత్రం చేయకండి అన్నాడు. జహీరాబాదులో మాది పప్పుల వ్యాపారం. వరసగా వానలు మొహం చాటేసి కోహీర్, ఝరాసంగం వైపు నుంచి కందుల బండ్లు రావడం మానేశాయి. దుకాణంలో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం. ఇంట్లో మిగిలిందల్లా ఒక బంగారు కడ్డీ.

అది మా మామగారి తండ్రి నిజాం కాలంలో బొంబాయిలో కొన్నదట. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. ఎత్తితే మాత్రం అరకిలో పైమాటే. జొన్నల గుమ్మి అడుగున పాత గుడ్డలో చుట్టి ఉండేది. కోడలిగా వచ్చిన అన్నేళ్ళలో దాన్ని నేను చూసిందే తక్కువ.

ఎట్లా అమ్మాలన్నదే గొడవ. ఆ రోజుల్లో నగలుంటే ఎవరూ ఏమీ అనరు గానీ బంగారం కంట్రోలు చట్టం కింద కడ్డీ ఇంట్లో ఉంచుకోవడమే నేరం. పట్టుబడితే బంగారమూ పోతుంది, మనిషీ జైలుకు పోతాడు. ఊళ్ళో ఒక సేటు అది తెలిసే సగం ధర చెప్పాడు. అడిగిన రోజే రొక్కం ఇస్తానన్నాడు. ఆ సగంతో కూడా ఆపరేషన్ అయిపోయేది. ఇచ్చేద్దామని నేను మొత్తుకున్నాను.

మా బావ, అంటే ఆయన అన్న, ఒప్పుకోలేదు. "సగానికిస్తమా? తాత కష్టం గది. బీదర్‌ల అమ్ముదమంటే చిరాగ్‌పల్లి చెక్‌పోస్టు కాడ బస్సులాపి సంచులు దేవులాడుతున్నరు. జర సోంచాయించాలె" అన్నాడు. బావ ఆలోచిస్తూ ఉంటే ఇక్కడ మా ఆయనకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. నాకు ఒళ్ళు మండిపోయేది.

చివరికి ఉపాయం చెప్పింది మా అత్తమ్మే. కడ్డీని కరిగించి చేతి కడియాలు చేయిస్తే నగల లెక్కన పూర్తి ధరకే అమ్ముకోవచ్చంది. అందరికీ నచ్చింది. నిజం చెప్పాలంటే నాకూ నచ్చింది. నమ్మకమైన అవుసలాయనను పిలిచి వెనక గదిలో కుంపటి పెట్టించాం. ఆయన కరిగించి, సాగదీసి, రెండు చేతులకూ సరిపడా లావు కడియాలు చేశాడు. పువ్వూ లేదు, తీగా లేదు. అమ్మేవాటికి సింగారం ఎందుకు?

మా అత్తవారింట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త నగ ఏది వచ్చినా దేవుడి ముందు పెట్టి, పసుపు కుంకుమ అద్ది, ఇంటి కోడలికి ఒకసారి తొడగాలి. అమ్మకానికి చేయించినవని ఎవరికీ గుర్తు రాలేదో, గుర్తొచ్చినా పద్ధతి పద్ధతే అనుకున్నారో తెలియదు. అత్తమ్మ నన్ను పీట మీద కూర్చోబెట్టి కడియాలు తొడిగింది. నేను మొక్కి లేచాను. బావ బీదర్ పోవడానికి చెప్పులేసుకుని వాకిట్లో నిలబడ్డాడు.

సబ్బు తెచ్చుకుని ఒక కడియం తీయబోతే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఏం జేస్తున్నవే? మొగడు మంచంల ఉండంగ చేతుల బంగారం తీస్తరా ఎవరన్న?"

"అమ్మెటందుకే గద చేయించినం, అత్తమ్మా! మట్టి గాజులు ఉండనే ఉన్నయి."

"ఎక్కిన బంగారం గిట్ల దిగొద్దు. వాడు లేసి తిరగనీ, అప్పుడు తీద్దువు."

ఆయన లేచి తిరగాలంటేనే గదా ఇవి అమ్మాలి! అరిచాను, ఏడ్చాను. బావ తల దించుకుని చెప్పులు విప్పేశాడు. పంతులునడిగి మంచి రోజు చూద్దామన్నాడు.

ఇక మా ఆయననే అడిగాను. ఆయన మాటంటే అత్తమ్మ కాదనదు. దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు, పడుకుంటే ఊపిరాడదు. దుకాణంలో నలుగురికీ ధైర్యం చెప్పే మనిషి, నా చేతులవైపు చాలాసేపు చూశాడు.

"జర ఉండనీ" అన్నాడు. "అమాస పోనీ. నాక్గూడ బుగులైతున్నది."

భయపడే మనిషి చేతుల్లోంచి ధైర్యం ఎట్లా గుంజుకోను? అట్లాగే ఉంచుకున్నాను. అన్నం కలిపి పెడుతుంటే ఆ బరువుకు చెయ్యి లాగేది. అమావాస్య పోయింది. పంతులు చెప్పిన రోజు ఇంకా రాలేదు. ఒక ఉదయం నేను చాయ్ తీసుకుని వెళ్ళేసరికి ఆయన దిండ్ల మీదే ఒరిగిపోయి ఉన్నాడు.

పదో రోజున ఆడవాళ్ళు నన్ను పీట మీద కూర్చోబెట్టి మట్టి గాజులు పగలగొట్టారు, కడియాలు ఊడదీశారు. ఎవరూ వద్దనలేదు. మరుసటి వారం బావ వాటిని బీదర్ తీసుకెళ్ళాడు. నగలు గనక దారిలో ఎవరూ ఆపలేదట. సాయంత్రానికి తిరిగొచ్చి, రుమాలులో కట్టిన నోట్లు నా ముందు పెట్టాడు.

"పూర ధర వచ్చిందమ్మా. రూపాయి గూడ నష్టం గాలే" అన్నాడు.

నేను ఆ మూటను కాలితో తన్నాను. అత్తమ్మ చూస్తూనే ఉంది, లక్ష్మిని తన్నావనలేదు.