ఎర్రబడిన నీళ్ళు

ఈ ఉదయం కుళాయిలో నీళ్ళు ఎర్రగా వచ్చాయి. బకెట్లోంచి బురద వాసన కొట్టగానే, నల్లమలలో జలపాతం చూడబోయిన ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది.

ఎనభైల్లో వానొస్తే మిరపకాయల మీద కప్పే పట్టాలు మీకూ గుర్తుండే ఉంటాయి. అలాంటి పట్టానే అమ్మ వాగు మధ్య బండమీద పరిచి అందరికీ పులిహోర పెట్టింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. నెత్తిమీద మబ్బు లేకపోతే వాన లేదనుకునే పత్తిచేల వాళ్ళం మేము.

గిన్నెలు కడుగుతున్న అత్తయ్య చేతుల చుట్టూ నీళ్ళు ఎర్రబడ్డాయి. ఎండుటాకులు గుంపులుగా కొట్టుకొచ్చాయి.

"పైన ఎవరో గేదెల్ని దింపినట్టున్నారే," అని విసుక్కుంది. మా ఊరి కాలవలో రోజూ జరిగేది అదే.

అమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఈ అడవిలో గేదెలెక్కడివి వదినా?"

నాన్న నన్ను చంకనేసుకుని గట్టెక్కాడు. గిన్నెల కోసం వెనక్కి తిరిగిన అత్తయ్యను అమ్మ జడ పట్టుకుని లాక్కొచ్చింది. ఎక్కడో పైకొండల్లో కురిసిన వాన, మా కళ్ళముందే ఆ బండను ముంచేసింది.

"పైపు ఎక్కడో పగిలుంటుందిలెండి," అంది మా ఆవిడ, బకెట్లోకి తొంగిచూసి.

అప్పటికే నేను పిల్లల కోసం ఇల్లంతా వెతుకుతున్నాను.