రిపోర్టులో రెండో వాక్యం

1986 జులైలో నన్ను విశాఖపట్నంలో, ఓడల సరుకు ఎత్తి దింపే ఒక సంస్థ ఆసుపత్రికి రేడియాలజిస్టుగా వేశారు. హోదా సీనియర్ మెడికల్ ఆఫీసరు. నా పైన చీఫ్ మెడికల్ ఆఫీసరు, నా కింద ఎక్స్‌రే టెక్నీషియన్ ఖాదర్. ఖాదర్‌ది పాతనగరం. ఆ గదిలో ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్న మనిషి. నేను చేరిన నెలకే మా ఆసుపత్రికి మొదటి అల్ట్రాసౌండ్ యంత్రం వచ్చింది.

దాని పని వినడానికి సులువే. పొట్టకు జెల్లీ రాసి, సబ్బుబిళ్ళంత ప్రోబు ఆనిస్తాం. చెవికి అందని శబ్దం లోపలికి వెళ్లి అవయవాలకు తగిలి తిరిగొస్తుంది. గట్టిగా తిరిగొచ్చిన చోట తెర మీద తెలుపు, రాని చోట నలుపు. కొవ్వు పట్టిన కాలేయం మామూలు కంటే తెల్లగా కనిపిస్తుంది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఆ నెలంతా నా పరిస్థితి అదే. కత్తి పెట్టకుండా మనిషి లోపల చూడగలగడం నాకు ఎంత చూసినా తనివి తీరని వింతగా ఉండేది. రోగిని పక్కకు తిరగమంటే పిత్తాశయంలో రాయి కూడా దొర్లేది. అది చూపించడానికి క్యాంటీన్‌లో టీ తాగుతున్న డాక్టర్లను కూడా లాక్కొచ్చేవాణ్ణి. ఆ ఉత్సాహంలోనే, క్రేన్ డ్రైవర్లకు ఏటా జరిగే వైద్య పరీక్షలో పొట్ట స్కానింగు కూడా చేరుద్దామని చీఫ్‌గారికి నేనే చెప్పాను. నన్నెవరూ అడగలేదు.

అలా వచ్చినవాడే పైడిరాజు. నలభై దాటిన మనిషి, కొంచెం బొజ్జ, మాట తక్కువ. జెట్టీ మీద పెద్ద క్రేన్ నడిపేవాడు. అతని కాలేయం తెర మీద సున్నం కొట్టిన గోడలా ఉంది. రిపోర్టులో రెండు వాక్యాలు రాశాను. మొదటిది, కాలేయంలో కొవ్వు పేరుకుంది. రెండోది, ఇది మద్యపానం వల్ల అయి ఉండవచ్చు. మేం చదువుకున్న రోజుల్లో తెల్లటి కాలేయం కనిపిస్తే ముందు సీసానే అనుమానించమని నేర్పేవారు.

తాగే అలవాటుందని ఏ డాక్టరు అనుమానించినా ఆ మనిషిని క్రేన్ ఎక్కనివ్వకూడదని సంస్థలో నియమం. కింద మనుషులు తిరుగుతుంటారు కాబట్టి నియమం సరైనదే. మర్నాడే పైడిరాజును దింపి గోదాము కాపలాకు పంపారు.

మూడో రోజు భార్య నారాయణమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. అతను గుమ్మం దగ్గరే తల దించుకుని నిలబడ్డాడు. ఆవిడే నా బల్ల ముందుకొచ్చింది.

"బాబూ, నా మనిసి సుక్క ముట్టడు. ముట్టితే నాకు తెలవదేటి? ఇరవయ్యేళ్ల నుంచి కాపరం సేత్తన్నాను. ఇప్పుడు షెడ్డులో అందరూ, బావా మాకూ పొయ్యవేటి అని ఎగతాళి సేత్తన్నారు. ఈయన తిండి మానేసి కూకున్నాడు. మీ మిసనుకి ఎలా తెలిసింది బాబూ?"

యంత్రం అలా అనలేదు, నేనే అన్నాను. ఆ ముక్క ఆవిడతో చెప్పలేక, మళ్లీ చూస్తానని పంపేశాను. సిగ్గేసింది.

వాళ్లు వెళ్లాక ఖాదర్ యంత్రం తుడుస్తూ, "సార్, మాఫ్ చేయండి, ఒక మాట. పది రోజుల్నుంచి వచ్చినోళ్లందరి లివరూ తెల్లగానే ఉంటంది. రేవులో తాగనోడే లేడంటారా?" అన్నాడు.

అప్పుడు గది వైపు చూశాను. పది రోజుల క్రితం ఏసీ చెడిపోయింది. సముద్రపు ఉప్పుగాలికి దాని లోపలి గొట్టం తుప్పు పట్టింది. యంత్రం వేడెక్కకుండా కిటికీలు తెరిచి ఉంచాం. బయటి వెలుతురు తెర మీద పడి బొమ్మ సరిగ్గా కనబడక, నేను గెయిన్ అనే మీటను బాగా పెంచాను. అది రేడియోలో వాల్యూమ్ లాంటిది. పెంచితే ప్రతిధ్వని అంతా పెద్దదై బొమ్మ మొత్తం తెల్లబడుతుంది. అంటే పది రోజుల పాటు అందరి కాలేయాలనూ తెల్లగా చేసింది నేనే.

తేల్చుకోవడానికి బల్లెక్కి పడుకుని, మీట తిప్పకుండా నా పొట్టకే ప్రోబు ఆనించుకున్నాను. నా కాలేయమూ తెల్లగానే ఉంది. నవ్వొచ్చింది. కిటికీకి దుప్పటి కట్టించి, గెయిన్ తగ్గించి, ఈసారి చేయాల్సిన పద్ధతిలో చూశాను. కాలేయాన్ని విడిగా చూసి తేల్చకూడదు, దాని పక్కనే ఉండే కుడి మూత్రపిండంతో పోల్చాలి. రెండూ దాదాపు ఒకే రంగులో ఉంటే కొవ్వు లేనట్టు. గెయిన్ తగ్గేసరికి నా మూత్రపిండం నల్లబడింది. కాలేయం మాత్రం తెల్లగానే మిగిలింది, అంటే నాకూ కొవ్వు ఉన్నట్టే.

ఖాదర్ తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. దగ్గుమందు తప్ప మరే మందూ ఎరగని వాణ్ణి నేను. నా రెండో వాక్యం ఇప్పుడు నాకూ వర్తిస్తుంది.

ఆ వారంలో పరగడుపునే రమ్మని, ఆ పది రోజుల్లో చూసినవాళ్లందరినీ మళ్లీ పిలిపించాను. చాలామంది కాలేయాలు మామూలుగానే ఉన్నాయి. పైడిరాజుది మాత్రం తెల్లగానే ఉంది. మొదటి వాక్యం నిజమేనన్నమాట. ఈసారి కలం పట్టుకునే ముందు మనిషిని అడిగాను. షిఫ్టంతా క్యాబిన్‌లో కూర్చునే ఉంటాడట. దిగి ఎక్కడానికి టైము పడుతుందని టీ క్యానును తాడుతో పైకి లాక్కుంటాడట. రోజుకు ఎన్ని టీలని అడిగితే లెక్క తెలియదన్నాడు. రక్తం పరీక్ష చేయిస్తే షుగరు బయటపడింది. అతనికి ఆ సంగతి తెలియనే తెలియదు.

సవరణ అంత తేలిగ్గా కాలేదు. ఒకసారి రాసింది మారిస్తే రేపు ప్రతివాడూ మార్చమని వస్తాడని చీఫ్‌గారు అన్నారు. వస్తే రానివ్వండి, తప్పు నాది, అతనెందుకు మొయ్యాలి అన్నాను. నా గొంతు కొంచెం పెరిగింది కూడా. చివరికి, తప్పు నాదేనని నా దస్తూరీతో రాసిస్తే ఒప్పుకుంటానన్నారు. రాసిచ్చాను. టీలో పంచదార మానాలి, తిండి తగ్గించాలి, మూడు నెలలకోసారి పరీక్షకు రావాలి అనే షరతులతో పైడిరాజును క్రేన్ మీదికి పంపారు.

కాగితం చేతికిస్తే అతను తీసుకోలేదు. నేను అడగకుండా తనంతట తానే నాతో నాలుగు మాటలు మాట్లాడింది అప్పుడే.

"నాను పట్టికెల్లి సూపిత్తే ఎవులు నమ్ముతారు బాబూ? ఇంగిలీసు కాయితం. మీరే వొచ్చి నలుగురి ముందూ సదవండి."

అది న్యాయమే. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి, షిఫ్టు మారే వేళ, క్రేన్ కింద నిలబడి తెలుగులో చదివాను. ఇతను తాగుతాడని నేను రాయడం తప్పు, దానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు అని చెప్పాను. ఎవరో వెనక నుంచి, "మరైతే తెల్లగా ఎందుకుందండీ?" అని అడిగారు. షుగరు వల్ల కావచ్చు, కదలని పని వల్ల కావచ్చు, మాకే ఇంకా పూర్తిగా తెలియదు, నాదీ అలాగే ఉంది అన్నాను.

"అయితే మీరూ మా జట్టే బాబూ!" అని ఒకడు అనగానే అందరూ నవ్వారు. పైడిరాజు నవ్వలేదు. జేబురుమాలుతో ముఖం తుడుచుకుని నిచ్చెన ఎక్కాడు.

ఆ తర్వాత పదహారేళ్లు అదే పనిలో ఉన్నాను. యంత్రాలు మారాయి, బొమ్మలు తేటపడ్డాయి. తాగనివాళ్లకూ కాలేయానికి కొవ్వు పడుతుందన్నది అందరికీ తెలిసిన విషయమైంది. నా రిపోర్టుల్లో మాత్రం ఏం కనిపించిందో అదే రాశాను. ఎందుకు అనేది మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగే దాకా రాయలేదు.