మావున్‌లో తొంభై రోజులు

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మూడో అంతస్తులో పైలట్ పరీక్షలకు కోచింగ్ ఇచ్చే సంస్థ ఒకటి ఉండేది. భానుశ్రీ అక్కడ నాలుగేళ్ళు వాతావరణ పాఠాలు చెప్పింది. ఏ మబ్బులోకి పోవచ్చు, ఏ మబ్బును చుట్టుతిరిగి పోవాలి, పొగమంచు ఎప్పుడు కమ్ముతుంది, ఇలాంటివన్నీ. మేడమ్‌కు కూడా కమర్షియల్ పైలట్ లైసెన్సు ఉందని ఆ పిల్లల్లో చాలామందికి తెలియదు. రెండువందల గంటలు ఎగిరి తెచ్చుకున్న లైసెన్సు అది. ఉద్యోగమే రాలేదు. పెద్ద కంపెనీల్లో రెండుసార్లు ఆఖరి రౌండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

ఆమె దగ్గర చదువుకున్న సాత్విక్ కో-పైలట్ అయ్యాడు. పూతరేకులు పట్టుకొచ్చి, "మీ వల్లే మేడమ్" అంటూ కాళ్ళకు దణ్ణం పెట్టబోయాడు. భానుశ్రీ అందరితో పాటు చప్పట్లు కొట్టింది. తర్వాత స్టాఫ్ రూములో కూర్చుని, ఆ పూతరేకు మడత విప్పకుండా చాలాసేపు చేతిలోనే ఉంచుకుంది.

శిక్షణప్పటి స్నేహితురాలు క్రిస్టినా అప్పటికే టాంజానియాలో చిన్న విమానాలు నడుపుతోంది. ఒకరోజు ఫోన్ చేసి మావున్ సంగతి చెప్పింది. ఆఫ్రికా దక్షిణాన బోట్స్వానా దేశంలో చిన్న ఊరట. అడవిలోని విడిదులకు టూరిస్టులను చేరవేసే చిన్న విమానాలన్నీ అక్కడి నుంచే లేస్తాయట. "మెయిళ్ళు పెడితే ఎవరూ చూడరే. నువ్వే వెళ్ళి తలుపులు కొట్టాలి. జనవరిలో వెళ్ళు, సీజన్‌కి ముందు మనుషుల్ని వెతుక్కుంటారు."

అన్న బాబీకి ఈ మాట నచ్చలేదు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే, పన్నెండేళ్ళు పెద్దవాడైన అతనే ఆమెను పెంచాడు. పామర్రులో ట్రాక్టర్ సామాన్ల కొట్టు అతనిది. "ఉద్యోగం ఇచ్చి రమ్మంటే వెళ్ళేవాళ్ళని చూశాగానీ, వెళ్ళి ఉద్యోగం అడుక్కునేవాళ్ళని చూళ్ళేదమ్మా" అన్నాడు. అన్నాడే గానీ, గన్నవరం ఎయిర్‌పోర్టులో ఆమె లోపలికి వెళ్ళిపోయాక కూడా అద్దాల బయట నిలబడే ఉన్నాడు.

మావున్‌లో విమానాశ్రయం కంచె చుట్టూ కంపెనీల ఆఫీసులు పది దాకా ఉన్నాయి. భానుశ్రీ ఒక గుడారాల విడిదిలో దిగింది. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫైలు పట్టుకుని, ఇసుకదారిన నడిచి ఒక్కో తలుపూ కొట్టేది. అందరూ మర్యాదగానే మాట్లాడేవారు, అందరూ ఒకే ప్రశ్న వేసేవారు: "మా దేశం లైసెన్సు ఉందా?"

ఆమెది భారతదేశపు లైసెన్సు. దాన్ని అక్కడ చెల్లేలా మార్చుకోవాలంటే ఆ దేశపు చట్టాల మీద పరీక్ష రాయాలి, వైద్యపరీక్ష చేయించుకోవాలి, విమానం నడిపి చూపించాలి. అన్నిటికీ ముందు, ఈ లైసెన్సు నిజమైనదేనని ఇండియా నుంచి ఉత్తరం రావాలి. రాజధానికి వెళ్ళి పరీక్ష రాసింది, పాసయింది. వైద్యపరీక్ష అయింది. ఉత్తరానికి దరఖాస్తు పెట్టింది, అది మాత్రం రాలేదు.

వాళ్ళ ఊరిలాగే మావున్ ఉన్నదీ డెల్టానే. అయితే అక్కడి నది సముద్రం దాకా పోదు. పాయలు పాయలుగా చీలి, చివరికి ఇసుకలోనే ఇంకిపోతుంది. కాలవగట్ల మీద పెరిగిన భానుశ్రీ, అది నిజమేనా అని ఇద్దరు ముగ్గురిని అడిగింది. ఆమెలాగే వచ్చిన కుర్రాళ్ళు వారం, రెండు వారాలు తిరిగి వెళ్ళిపోయేవారు. పక్క గుడారంలో కొత్తవాళ్ళు దిగేవారు. పేరు తెలిసేలోపు వాళ్ళూ వెళ్ళేవారు. తెలుగు ముక్క పలికి రోజులయ్యేది. అన్న ఫోన్ చేస్తే, "ఇంటర్వ్యూలు జరుగుతున్నాయన్నయ్యా" అని అబద్ధం చెప్పేది. ఆ మాట తన గొంతుతో ఇంకెవరో అన్నట్టుండేది.

ఏడోవారంలో ఒక కంపెనీ చీఫ్ పైలట్ మొలేఫె ఆమెను ఆపాడు. నెరిసిన గడ్డం, నెమ్మదైన మనిషి.

"నువ్వింకా ఇక్కడే ఉన్నావా?"

"మా దేశం నుంచి ఉత్తరం రావాలి, కెప్టెన్."

"నువ్వు పెట్టిన దరఖాస్తు ఏదీ, చూపించు."

కళ్ళజోడు పెట్టుకుని దరఖాస్తునూ లైసెన్సునూ పక్కపక్కన పెట్టాడు. వేలితో అంకెలు ఒక్కొక్కటే చూస్తూ వచ్చి ఆగాడు. "లైసెన్సు మీద మూడు. ఇక్కడ ఎనిమిది వేశావు. లేని నంబరుకు ఎవరు మాత్రం జవాబిస్తారమ్మాయ్?"

భానుశ్రీకి తల కొట్టేసినట్టయింది. ఏది నింపినా మూడుసార్లు సరిచూసుకోండని నాలుగేళ్ళుగా పిల్లలకు చెప్పింది తనే. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి కూడా లేదు. గుడారానికి వెళ్ళి, మళ్ళీ దరఖాస్తు రాసి, ఒక్కో అంకెనూ పైకి చదువుకుంటూ సరిచూసుకుంది.

ఉత్తరం పదకొండో వారంలో వచ్చింది. పన్నెండో వారంలో విమానం నడిపి చూపించి నెగ్గింది. చేతికి ఆ దేశపు లైసెన్సు వచ్చిన నాలుగో రోజున వీసా గడువు అయిపోయింది. అప్పటికి ఎక్కడా ఖాళీ లేదు. "ఖాళీ వస్తే రాస్తాను" అన్నాడు మొలేఫె. అలా అన్నవాళ్ళు అంతకుముందూ ఉన్నారు.

గుణదలలోని తన అద్దెగదికి తిరిగి వచ్చింది. ఏమైందని అడిగినవాళ్ళకు ఏం చెప్పాలో తెలియక, ఎదురుపడకుండా తిరిగేది. బెంజ్ సర్కిల్ క్లాసులో మళ్ళీ మబ్బుల పాఠం మొదలుపెట్టింది. బాబీ ఒక్కసారి వచ్చి, ఫ్యాను కింద కూర్చుని మజ్జిగ తాగి, "ఆ లైసెన్సేదో ఓసారి చూపించవే" అన్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఫోటో బాగా పడింది" అని జాగ్రత్తగా తిరిగి ఇచ్చాడు.

జూన్ నెలాఖరులో మెయిలు వచ్చింది. మొలేఫె కంపెనీలో ఒక పైలట్ మానేశాడు. వర్క్ పర్మిట్‌కు వాళ్ళే దరఖాస్తు పెట్టారు. రెండేళ్ళ కాంట్రాక్టు.

ఇప్పుడామె ఐదుగురు కూర్చునే విమానం నడుపుతోంది. రోజుకు ఏడెనిమిది మట్టి రన్‌వేల మీద దిగుతుంది. దిగేముందు రన్‌వే మీద ఏనుగులున్నాయేమోనని ఒక చుట్టు తిరిగి చూస్తుంది. టూరిస్టులు చెయ్యి ఊపి, జీపెక్కి వెళ్ళిపోతారు. మళ్ళీ ఆ పేర్లు వినబడవు. తిరుగుప్రయాణంలో చాలాసార్లు తనొక్కతే. కింద నీటిపాయలూ, నీడలూ. గొంతు మరిచిపోతానేమోనని అప్పుడప్పుడు తెలుగులో తనకు తనే ఎత్తు, వేగం పైకి చెప్పుకుంటుంది.

ఆదివారం మధ్యాహ్నాలు అన్నకు ఫోన్ చేస్తుంది. మొన్న బాబీ అడిగాడు:

"పక్క సీట్లో ఎవరు కూర్చుంటారే?"

"ఎవరో ఒక ప్యాసింజర్. లేదంటే ఎవరూ ఉండరు. ఒక్కోసారి విడిదికి పంపే కూరగాయల బుట్ట పెడతాం."

అవతల కొట్లో ఎవరో బేరమాడుతున్నట్టు వినిపించింది.

"దానికైనా బెల్టు కట్టమ్మా" అన్నాడు బాబీ.

భానుశ్రీ నవ్వింది. అతనూ నవ్వాడు. ఆ ఆదివారం కబుర్లు అయిపోయాయి. అయినా ఫోన్ మాత్రం ఎవరూ పెట్టేయలేదు.