హెప్సిబా కట్టిన పసుపు దారం

హెప్సిబా గారు ఎనిమిదిసార్లు నా పాదం పట్టుకుని కూర్చున్నారు. అందులో ఒక్కసారి కూడా నాకు గుర్తు లేదు. ఆ వైద్యం తీసుకున్నవాళ్లకి అప్పటి రోజులు కొన్ని చెరిగిపోతాయట. అందుకే ఇందులో సగం మా అత్తగారు చెప్పింది, సగం డాక్టరు గారు చెప్పింది.

రెండో కాన్పు తర్వాత నేను తిండి మానేశాను, మాట మానేశాను. మందులు పనిచేయలేదు. గవర్నర్‌పేటలో ఒక ఆసుపత్రివాళ్లు మత్తిచ్చి, తలకి కరెంటు పెట్టి, కాసేపు మూర్ఛ తెప్పిద్దామన్నారు. ఎంతసేపు వచ్చిందో యంత్రమూ లెక్కపెడుతుంది, మనిషీ లెక్కపెట్టాలి. ఒళ్లు ఎగిరిపడకుండా మందిస్తారు. ఒక్క పాదానికి మాత్రం ఆ మందు చేరకుండా చీలమండ పైన పట్టీ బిగిస్తారు. ఆ పాదం ఆడినంతసేపూ గడియారంతో చూడటమే నర్సు హెప్సిబా గారి పని. ఇరవై రెండేళ్లుగా అదే పని.

మొదటి రోజే మా అత్తగారు సంపూర్ణమ్మ గొడవకి దిగారు. ఒంటిమీద లోహం ఉండకూడదు, మట్టెలు తీయాలన్నారని కోపం.

"నిక్షేపంలా మొగుడుండగా మట్టెలు తీయిస్తారా?"

కంకిపాడు దాకా వినపడే గొంతు ఆవిడది. హెప్సిబా గారు వాదించలేదట. ఆసుపత్రి వంటగదిలోంచి పసుపు తెచ్చి, దారానికి రాసి, నా కాలివేలికి కట్టారు.

"ఇప్పుడు కాలు బోసిగా లేదు కదండీ, పెద్దమ్మగారూ?"

ఓడిపోవడం చేతకాని మా అత్తగారు ఆ మట్టెలు అందుకుని కొంగున ముడేసుకున్నారు.

మూడోసారి, నలభై ఎనిమిది సెకన్లకే మూర్ఛ ఆగిపోయిందని యంత్రం అచ్చేసింది. పాదమూ ఆగినట్టే ఉంది. దారం కొస మాత్రం వణుకుతోంది.

"ఇంకా ఆగలేదు సార్."

"మెషీన్ ఆగిందంటోంది కదమ్మా!"

"దారం ఆగలేదు సార్."

డాక్టరు గారు వంగి చూశారు. కాగితం మళ్లీ చూశారు. అందులో మెదడు గీతలు చిన్నవయ్యాయే గాని ఆగలేదు. రెండు నిమిషాలు దాటగానే, దాన్ని ఆపే మందు నరానికెక్కించారు. అలాగే వదిలేస్తే ప్రాణం మీదికొచ్చేదని తర్వాత చెప్పారు. యంత్రాన్ని నేను తిట్టను, దాని పని అది చేసింది. నేనివాళ పిల్లలకి అన్నం కలిపి పెడుతున్నానంటే మాత్రం హెప్సిబా గారి కళ్ల చలవే.

ఎనిమిదోసారి అయ్యాక నేను ఉప్మా అడిగానట. జీడిపప్పు లేదని వంక కూడా పెట్టానట. మా అత్తగారు భోరున ఏడ్చి, కొంగున ముడేసి దాచిన మట్టెలు తీసి హెప్సిబా గారి చేతిలో పెట్టబోయారు.

"నువ్వే తొడుగమ్మా."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "నేను భర్త పోయినదాన్నండీ. మీలో పట్టింపు కదా."

పేరంటానికి ఎవరిని పిలవాలో, ఎవరిని పిలవకూడదో ఊరికంతటికీ చెప్పే మనిషి మా అత్తగారు.

"ఈ కాలు నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసమ్మా? తొడుగు."

నా జ్ఞాపకం అక్కణ్ణించే మొదలవుతుంది. నా కాళ్ల దగ్గర వంగి, కళ్లు తుడుచుకుంటూ, మట్టె తొడుగుతున్న హెప్సిబా గారు.