నీటికుక్కకు మొక్కు

అచ్చయిపోయిన నవలలో ఒక జంతువు బతకాలని దేవుడికి మొక్కుకునే మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను రాజమండ్రి నుంచి కోరుకొండ వెళ్లే బస్సులో చూశాను.

నా పక్కన భీమవరం వైపు చేపల చెరువులున్న దంపతులు కూర్చున్నారు. ఆవిడ ఒడిలో మాట్లాడే జంతువుల నవల ఒకటి ఉంది. మనవరాలి కోసం కొన్న ఆ పిల్లల నవలను భాగం తర్వాత భాగం తనే చదివేస్తోందట. ఈ భాగం చివర నీటికుక్క బాణం దెబ్బ తిని పడిపోయింది. ఆఖరి భాగం ఇంకా చేతికి రాలేదు. అది బతికితే మళ్లీ వచ్చి కొండ మెట్లన్నీ మోకాళ్ల మీద ఎక్కుతానని కోరుకొండ నరసింహస్వామికి మొక్కుకోవడానికి వెళుతోంది.

"మన చెరువులో చేపలు మింగేత్తన్నాయని నీటికుక్కల్ని తరమడానికి మనుషుల్ని పెట్టాం. దీనికి మొక్కేంటే?" అన్నాడు భర్త.

"అయ్యి వేరండి. ఇది మాట్లాడుద్ది," అందావిడ.

హేతువాదిని, నేను ఊరుకుంటానా? "అమ్మా, ఆఖరి భాగం ఎప్పుడో అచ్చయింది. ఏ దేవుడు దిగివచ్చినా అందులో ఒక్క అక్షరం మారదు. నేను చదివాను కూడా," అన్నాను.

ఆవిడ మొహం పాలిపోయింది. "చదివేశారా? బాబ్బాబు, చెప్పకండి!" అని రెండు చెవులూ మూసుకుంది.

భర్త మెల్లగా నా వైపు వంగి, "బతుకుద్దాండి?" అని గుసగుసగా అడిగాడు.

హేతువాదులారా, మొక్కుల్ని నడిబజారులో నిలదీయండి. కథ ముగింపు మాత్రం చదువుతున్న మనిషికి చచ్చినా చెప్పకండి.