ఒక్కటే పెట్టారు, ఇద్దరు పుట్టారు

మొన్న మధ్యాహ్నం నల్లపాడు స్టేషన్లో ఒంగోలు బండి కోసం కూర్చుని ఉంటే, పక్క బెంచీ మీద ఓ పడుచు జంట ఫోను చూసుకుంటూ ల్యాబులో తయారుచేసిన పిండాన్ని మూడో రోజే కడుపులో పెట్టించుకోవాలా, ఐదో రోజు దాకా ఆగాలా అని తర్జనభర్జన పడుతున్నారు. "ఐదో రోజుదే ఒక్కటి పెట్టించుకుందామండీ, ఇక కవలలన్న భయమే ఉండదు" అంది ఆ అమ్మాయి. ఏళ్ళ తరబడి పిల్లల్లేనివాళ్ళ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని, ఒక మాట చెబుదామని అటు తిరిగేసరికి వాళ్ళ బండి వచ్చింది, వెళ్ళిపోయారు. సరిగ్గా అదే మాట, అంతకన్నా ధీమాగా, పన్నెండేళ్ళ కిందట మా చెల్లెలివాళ్ళకి చెప్పింది నేనే.

చెల్లెల్ని ప్రత్తిపాడు దగ్గర మిర్చి, పత్తి పండించే కుటుంబంలో ఇచ్చాం. పెళ్ళయి పదేళ్ళయినా పిల్లల్లేరు. వేరే ఊళ్ళో ఒకసారి వైద్యం చేయించుకుంటే మూడో రోజునే రెండు పిండాలు పెట్టారు, రెండూ నిలిచాయి, ఐదో నెలలో రెండూ పోయాయి. అప్పటి నుంచి దానికి బీపీ పట్టుకుంది. ఆ ఇంట్లో కవలలన్న మాట ఎత్తితే చాలు, అందరి మొహాలూ మాడిపోయేవి. మళ్ళీ ప్రయత్నిద్దామని నేనే పోరు పెట్టి గుంటూరులో నేను పనిచేసే ఆసుపత్రికి తీసుకొచ్చాను. దాని అత్తగారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నిలదీసింది. "అమ్మాయ్, ఈసారీ ఇద్దరైతే నా కోడలు బతకదు. నీదే పూచీ!" నేను ఏమాత్రం తడుముకోలేదు. "ఐదు రోజులు ల్యాబులో పెంచి, బలంగా ఉన్నదాన్ని ఒక్కదాన్నే పెడతారండీ. ఒక్కటి పెడితే ఒక్కరే పుడతారు" అన్నాను.

నాలుగు పిండాల్లో ఐదో రోజుకి రెండు మిగిలాయి. ఒకటి పెట్టారు, రెండోదాన్ని గడ్డకట్టించి దాచారు. పెట్టేటప్పుడు నేను ఆ గదిలోనే, చెల్లెలి చెయ్యి పట్టుకుని ఉన్నాను. ఏడో వారం స్కానింగులో తెర మీద రెండు గుండెలు కొట్టుకుంటూ కనిపించాయి.

చెల్లెలి మొగుడు, మా మరిది మొహం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. "వదినా, ఒక గింజ వేస్తే రెండు మొక్కలొస్తాయా? మాకు చెప్పకుండా రెండూ పెట్టేశారు, లేకపోతే ఎవరిదో కలిపేశారు" అన్నాడు. ఒక్కోసారి ఒకే పిండం లోపలికెళ్ళాక రెండుగా చీలుతుందని ఎంత చెప్పినా వినలేదు. చీలుతుందని ముందే తెలిస్తే ముందే ఎందుకు చెప్పలేదన్నాడు. పెద్ద డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళాను. "అలా జరుగుతుందయ్యా, అరుదు. వీళ్ళిద్దర్నీ పోషించే మాయ ఒకటే, రెండు వారాలకోసారి స్కానింగు తప్పదు" అని, అతను నోరు తెరిచేలోపే తరవాతి నంబరు పిలిచింది. దాచిన రెండో పిండం అలాగే ఉంది, మా మరిదికి చూపించమని ల్యాబువాళ్ళని అడిగితే అది గాజు గొట్టంలో కంటికి ఆనదు, బయటివాళ్ళకి ప్రవేశమూ లేదన్నారు. సంతకాలు చేయించుకున్న కాగితాల్లో పిండం చీలే సంగతి ఉంది, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. ఆ కాగితాలు మా మరిది చేతికిచ్చింది నేనే, ఇక్కడొకటీ అక్కడొకటీ సంతకం పెట్టమని వేలితో చూపించిందీ నేనే. నిజానికి ఐదో రోజు పిండాల్లో ఈ చీలడం కాస్త ఎక్కువని మా చిన్న డాక్టరు టీ తాగుతూ ఓసారి నా చెవిన వేసింది కూడా. నూటికో కోటికో జరిగేదానికి చెల్లెల్ని బెదరగొట్టడమెందుకని నేనే మింగేశాను. ఎవరి మీద అరవాలో తెలియక ఆ రోజుల్లో ఆయాల మీదా, ఆటోవాళ్ళ మీదా, ఇంట్లో గిన్నెల మీదా అరిచేదాన్ని.

ఏడు నెలలు నిండాక ఒక బిడ్డకి ఉమ్మనీరు తగ్గిపోతోందని ఆపరేషన్ చేశారు. ఇద్దరూ ఆడపిల్లలే. మొదటిది కాస్త పుష్టిగా ఉంది, రెండోది పిడికెడంత. నెల రోజులు అద్దాల పెట్టెలో ఉండి బతికి బయటపడింది. చెల్లెలూ బతికింది. ఇక అంతా సర్దుకుంటుందనుకున్నాను. కానీ అత్తగారు పెద్దదాన్నే ఎత్తుకునేది. రెండోదాన్ని ఎవరైనా చేతికందిస్తే "దాన్ని పడుకోబెట్టండి" అని కొంగు దులుపుకుని లేచిపోయేది. అది మా రక్తం కాదని ఇరుగుపొరుగుతో అన్నదట. డీఎన్‌ఏ పరీక్ష చేయిద్దామని నేనంటే, చెల్లెలు జీవితంలో మొదటిసారి నా మీద గొంతు పెంచింది. "నా బిడ్డ నా బిడ్డేనని కాగితం తెచ్చుకోవాలా? నువ్వూరుకో అక్కా."

ఏడాది తిరిగేసరికి చిన్నది ఒళ్ళు చేసింది. ఒకరోజు చెల్లెలు ఇద్దరికీ నీళ్ళు పోసి, ఒకే రంగు గౌన్లు తొడిగి వరండాలో వదిలితే, మిరపకాయలు తొడిమలు తీస్తున్న అత్తగారు చేతులు కడుక్కుని వచ్చి ఒకదాన్ని ఎత్తుకుంది. పెరుగన్నం గోరుముద్దలు పెట్టి, "అచ్చం మా నాయన ముక్కే! ఈ కనుబొమలు చూడు, మావాడివే" అని ముద్దులాడుతోంది. ఆమె ఒళ్ళో ఉన్నది చిన్నది. చెల్లెలు గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉందట. గిన్నె ఖాళీ అయ్యాక పెద్దది పాక్కుంటూ వచ్చి ఆమె మోకాలు పట్టుకుంది. ముసలావిడ ఈ మొహాన్నీ ఆ మొహాన్నీ మార్చి మార్చి చూసి, పెద్దదాన్ని కూడా ఒళ్ళోకి లాక్కుంది. ఫోన్లో ఇదంతా చెబుతూ చెల్లెలు నవ్వింది, చివరికొచ్చేసరికి ఏడ్చింది. మా మరిది తరవాతెప్పుడో "వదినా, ఏమనుకోకు" అన్నాడు. అనుకోవడానికి నాకేముందిలే అనుకున్నాను.

ఇప్పుడు కాగితాలు తెలుగులో ఇస్తున్నారట, బొమ్మలు గీసి మరీ చెబుతున్నారట, మంచిదే. మనవాళ్ళెవరో ఆసుపత్రిలో ఉంటే చాలు, ఆ మనిషి మాటే మందు అనుకునే రోజులు పోయాయి. పోవాల్సినవేనేమో. చెల్లెలు నన్ను ఒక్క మాట అనలేదు, పండగలకి పిలుస్తుంది, పచ్చడి జాడీలు పంపిస్తుంది. కానీ ఆ పిల్లలకి జ్వరమొచ్చినా, టీకా వేయించాల్సి వచ్చినా, అంతా అయిపోయాకే నాకు తెలుస్తుంది. ఒకప్పుడు తలనొప్పి మాత్ర వేసుకోవాలన్నా నాకు ఫోన్ చేసి "అక్కా, వేసుకోనా?" అని అడిగేది.